దీవి ఒకరిది, డీజిల్ ఇంకొకరిది

సంపాదకులకు,

అయ్యా,

ద్వీపాల తగాదాల మీద వ్యాసం వచ్చిందంటే సగం పేజీ యుద్ధనౌకల బొమ్మలకే పోతుంది. దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్‌లాండ్స్ దీవుల కోసం 1982లో బ్రిటన్, అర్జెంటీనా చేసిన యుద్ధం గురించి తెలుగులో వచ్చినవీ అంతే. అర్జెంటీనా నౌక బెల్‌గ్రానో ఎలా మునిగింది, ఎక్సోసెట్ క్షిపణి బ్రిటిష్ నౌక షెఫీల్డ్‌ను ఎలా తగలబెట్టింది, మన విమానవాహక నౌక విరాట్ అప్పట్లో హెర్మిస్ పేరుతో బ్రిటిష్ దండుకు పెద్దదిక్కుగా ఎలా నడిచింది, ఇవే. 2016 ఫిబ్రవరిలో విశాఖ నౌకాదళ సమీక్షకు వచ్చిన ఆ విరాట్‌ను ఒడ్డున నిలబడి చూసినవాళ్ళు మన వైపు కూడా ఉంటారు. అది ఏ దీవుల కోసం పోరాడిందో, ఆ దీవుల్లో జనం పొయ్యిలో ఏం పెట్టి కాల్చుకునేవారో, జబ్బు చేస్తే ఎక్కడికి పోయేవారో మాత్రం ఎవరూ రాయరు. తగాదా ముదిరిన చోటు అదే కాబట్టి రాస్తున్నాం.

ముందు కొలత. ఫాక్‌లాండ్స్ విస్తీర్ణం 12,173 చదరపు కిలోమీటర్లు. జిల్లాల విభజనకు ముందున్న మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ కలిపితే దాదాపు అంతే. ఇక్కడ 2011 లెక్కల ప్రకారం 50 లక్షల మంది. అక్కడ యుద్ధం నాటికి 1,800 మంది, అందులో సగానికి పైగా స్టాన్లీ అనే ఒక్క ఊళ్ళోనే. మిగతావాళ్ళు గొర్రెల కంపెనీల స్థావరాల్లో, ఒక్కో చోట పది ఇళ్ళు, ఇరవై ఇళ్ళు. ఊరు దాటిన నేలంతటినీ వాళ్ళు క్యాంప్ అంటారు, స్పానిష్ మాట కాంపో నుంచి వచ్చింది. అప్పట్లో గొర్రెలు ఆరు లక్షలకు పైగా. రోజూ మాంసమే కనక దానికి 365 అని ముద్దుపేరు. దగ్గరి ఒడ్డు అర్జెంటీనాది, సుమారు 480 కిలోమీటర్లు. పాలించే బ్రిటన్ 12 వేల కిలోమీటర్ల పైచిలుకు.

వంటకీ, చలి కాచుకోవడానికీ అప్పట్లో వాళ్ళకు ఉన్నది పీట్. వేల ఏళ్ళ గడ్డీ నాచూ నీటి అడుగున పూర్తిగా కుళ్ళకుండా ఒత్తుకుపోతే తయారయ్యే నల్లమట్టి అది. వాళ్ళ వసంతం మన అక్టోబరు, నవంబరు. అప్పుడు ఎవరికి కేటాయించిన గట్టు దగ్గరికి వాళ్ళు పార పట్టుకుని పోయి, ఇటుకలంత ముక్కలుగా కోసి, గడ్డి మీద పరిచేవారు. పైపొర ఆరాక తిరగేసేవారు. ఆ తర్వాత గాలి దూరేలా చిన్నచిన్న కుప్పలుగా నిలబెట్టేవారు. వేసవి అయ్యేసరికి బరువు దిగి గట్టిపడేది, బండి మీద తెచ్చి షెడ్డులో పేర్చేవారు. అచ్చం మన పిడకల పనే, గోడ ఒక్కటి లేదు. తడి తగిలితే పొగే తప్ప వేడి ఉండదు. గట్టును అడ్డదిడ్డంగా కోసి నీటికి దారి లేకుండా చేస్తే కొండవాలు మొత్తం జారుతుంది. 1886లో అలా జారిన బురద స్టాన్లీ వీధుల్లోకి దిగి ఇద్దరి ప్రాణం తీసింది.

పొయ్యి సొంతం. మిగతావి? ఇక్కడే కథ మలుపు తిరిగింది. 1971లో బ్రిటన్, అర్జెంటీనా రాకపోకల ఒప్పందం రాసుకున్నాయి. అంతకుముందు నెలకోసారి ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోకు తిరిగిన ఓడ ఆగిపోయింది. మరుసటి ఏడాది అర్జెంటీనా వాళ్ళు స్టాన్లీ పక్కన అల్యూమినియం పలకలు పరిచి తాత్కాలిక రన్‌వే వేశారు, వాళ్ళ వైమానిక దళం నడిపే లాడే సంస్థ విమానాలు తమ తీర పట్టణం కొమొడోరో రివడావియా నుంచి రావడం మొదలైంది. కొన్నాళ్ళకు పెట్రోలు, డీజిలు కూడా వాళ్ళ ప్రభుత్వ చమురు కంపెనీ ట్యాంకుల్లోంచే. పెద్ద జబ్బు చేస్తే ఆ విమానంలోనే మెయిన్‌లాండ్ ఆస్పత్రికి. పై చదువుకు పిల్లలు బ్యూనస్ ఎయిర్స్‌కు. దీవి మనిషి అటు అడుగు పెట్టాలంటే అర్జెంటీనా ఇచ్చే తెల్ల కార్డు చేతిలో ఉండాలి. బ్రిటన్ నుంచి సరుకుల ఓడ మూడు నెలలకోసారి. సౌకర్యం వచ్చింది, కాదనం. కానీ ఇల్లు ఒకరిది, తాళంచెవి పొరుగింటివాడి మొలతాటికి.

లండన్ ఈ సంగతి తెలిసీ చూడనట్టు ఊరుకుంది. 1981లో రెండు పనులు చేసింది. ఆ సముద్రంలో తిరిగే ఒకే ఒక్క గస్తీ నౌక ఎండ్యూరెన్స్‌ను వెనక్కి పిలుస్తామంది. కొత్త పౌరసత్వ చట్టంలో, అమ్మానాన్నల్లోనో తాతా నానమ్మల్లోనో ఒక్కరైనా బ్రిటన్‌లో పుట్టి ఉండకపోతే ఆ దీవివాసికి బ్రిటన్‌లో కాపురముండే హక్కు లేకుండా చేసింది. 1833 నుంచి మాదే అంటున్న దీవుల మనుషులకే ఆ మాట. అవతల బ్యూనస్ ఎయిర్స్‌లో సైనిక ప్రభుత్వం ధరల మంటతో, వీధి ఊరేగింపులతో ఉక్కిరిబిక్కిరవుతోంది. జనాన్ని మళ్ళించడానికి దానికి మాల్వినాస్ దొరికాయి, ఆ దీవులకు వాళ్ళు పెట్టుకున్న పేరు అది.

1982 ఏప్రిల్ 2న సేనలు దిగాయి. ఎదురు నిలిచిన బ్రిటిష్ మెరైన్లు కొన్ని డజన్ల మందే. ఆ నెల తిరక్కుండానే స్టాన్లీ పేరు ప్యూర్టో అర్జెంటీనో అయింది. ఎడమ పక్కన నడిచే బండ్లు కుడి పక్కకు రావాలన్నారు, ఎవరూ పొరపడకుండా రోడ్డు మీద బాణాలు గీశారు. తపాలా ముద్ర మీద 9409 ఇస్లాస్ మాల్వినాస్ అని పడింది. ఇవి కంటికి కనబడే మార్పులు. అసలు దెబ్బ రేడియోలది. క్యాంప్‌లో ఒక స్థావరానికీ ఇంకో స్థావరానికీ మధ్య పదుల కిలోమీటర్లు ఉండేవి, రోడ్డు లేదు. డాక్టరు రోజూ ఒక వేళకు రేడియోలో కూర్చుంటే ఒక్కో స్థావరం వంతులవారీగా రోగం చెప్పేది, మందుల పెట్టెలో ఏ సీసా తీయాలో ఆయన చెప్పేవాడు. మిగతా దీవులన్నీ వింటూనే ఉండేవి, అక్కడ ఎవరి కడుపునొప్పీ రహస్యం కాదు. బడి పాఠాలూ దాని మీదే. సైన్యం ట్రాన్స్‌మిటర్లను స్వాధీనం చేసుకునేసరికి ఆస్పత్రీ, బడీ, పక్కింటి పలకరింపూ ఒక్కసారే పోయాయి. రోగులను మోసే ప్రభుత్వ చిన్న విమానాలు కూడా ఆ యుద్ధంలోనే తుక్కయ్యాయి. వెయ్యి మందికి సరిపడా నీళ్ళూ, మురుగు కాలువలూ ఉన్న ఊరి మీద వేల మంది సైనికులు వచ్చి పడ్డారు. లొంగిపోయిన రోజుకి దీవుల్లో ఖైదీలే 11 వేల పైన.

గూస్ గ్రీన్ సంగతి విడిగా చెప్పాలి. తూర్పు దీవిలో స్టాన్లీ తర్వాత పెద్ద స్థావరం అది. మే 1న బ్రిటిష్ విమానాలు బాంబులు వేశాక అక్కడి 114 మందిని, చంటిపిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా, ఊరి సంఘ భవనంలోకి తోలి తలుపులు మూశారు. మే 29 దాకా అందులోనే. ఉన్నవి రెండు మరుగుదొడ్లు. నేల మీదే పడక. గుళ్ళు దగ్గరపడినప్పుడు చెక్కలు ఊడదీసి నేల కింద దూరారు, ఎందుకంటే గోడలూ చెక్కే. మూలన పడి ఉన్న పాత రేడియో ఒకటి దొరికితే బాగుచేసుకుని, శబ్దం తగ్గించి లండన్ వార్తలు విన్నారు. ఆ లండన్ రేడియోయే, దాడి మొదలు కాకముందే, పారాట్రూపర్లు పక్కనున్న డార్విన్‌కు దగ్గరపడ్డారని లోకానికంతా చాటింది. అవతలి సైన్యమూ అదే రేడియో వింటుందని వార్త చదివినవాళ్ళకు తట్టలేదా? పత్రికలవారు తరచూ గుర్తుచేసుకోవలసిన విషయం కాబట్టి ఇక్కడ రాశాం.

స్టాన్లీలో ఇళ్ళు చాలావరకు చెక్క గోడలు, రేకు కప్పులు. రాతి గోడలున్న కొద్ది ఇళ్ళ మీద డి.ఎ.పి. అని రంగుతో రాసి, దాడి జరిగితే ఇరుగుపొరుగు అక్కడికి చేరాలన్నారు. జూన్ 11 అర్ధరాత్రి దాటాక అలా ఒక ఇంట్లో తలదాచుకున్నవాళ్ళ మీద గుండు పడింది. ముగ్గురు ఆడవాళ్ళు పోయారు. మొత్తం యుద్ధంలో చనిపోయిన దీవివాసులు ఆ ముగ్గురే, ఆ గుండు విడిపించడానికి వచ్చిన బ్రిటిష్ నౌకది. అర్జెంటీనా వైపు 649 మంది, బ్రిటన్ వైపు 255 మంది. 74 రోజులకు, జూన్ 14న, సైనిక గవర్నర్ మెనెండెజ్ లొంగుబాటు పత్రం మీద సంతకం చేశాడు.

దీవివాసులు చేతులు కట్టుకు కూర్చున్నారనుకోవద్దు. మే 25న అట్లాంటిక్ కన్వేయర్ అనే సరుకుల ఓడ క్షిపణి తగిలి కాలిపోయింది, దాంతోపాటు మూడు చినూక్‌లు, ఆరు వెసెక్స్‌లు. దళాన్ని మోయాల్సిన హెలికాప్టర్లు లేవు, రోడ్డు లేదు, చక్రం పెడితే పీట్ నేల మింగుతుంది. బ్రిటిష్ దళం ఒడ్డుకు దిగిన శాన్ కార్లోస్ నుంచి స్టాన్లీ వైపు సైనికులు ముప్పై అయిదు కిలోలకు పైగా మూటలతో నడిచారు, నానిన బూట్లలో పాదాలు కుళ్ళాయి. చివరి కొండల కింద మందుగుండు పెట్టెలు మోసింది గొర్రెల రైతుల ట్రాక్టర్లూ ల్యాండ్ రోవర్లూ. ఏ బురద మోస్తుంది, ఏ బురద ముంచుతుందన్నది మ్యాపులో ఉండదు, ఏళ్ళ తరబడి అక్కడ బండి దిగబడినవాడికే తెలుస్తుంది. లైట్లు ఆర్పి, రాత్రిపూట, ఒకరు ముందు నడిచి దారి చూపితే వెనక బండి.

ఇక మందుపాతరలు. ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో ఈ మాట వినని ఊరు లేదు, అందుకే కొంచెం వివరంగా. అర్జెంటీనా సైన్యం బ్రిటిష్ దళం సముద్రం వైపు నుంచే వస్తుందని స్టాన్లీ చుట్టూ ఇసుక ఒడ్డుల్లో, రేవు దారుల్లో, కొండ కనుమల్లో 20 వేలకు పైగా పాతింది. దళం వెనక పక్క నుంచి వచ్చింది, పాతరలు మాత్రం ఉండిపోయాయి. ఎక్కువగా వాడిన వాటిల్లో ఇటలీ తయారీ ఎస్‌బి-33 ఒకటి. అడ్డంగా 88 మిల్లీమీటర్లు, అంటే అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా. లోపల మందు 35 గ్రాములు. మనిషిని చంపడం కన్నా పాదం తీసేయడం దాని పని. ఇనుము దాదాపు లేదు కాబట్టి డిటెక్టర్ సన్నగా కూస్తుంది, అదే నేలలో చెల్లాచెదురుగా ఉన్న గుండు పెంకులకేమో గట్టిగా కూస్తుంది. యుద్ధం అయిన వెంటనే బ్రిటిష్ ఇంజనీర్లు తీయడం మొదలుపెట్టి, కొందరి కాళ్ళు పోయాక ఆపేశారు. చుట్టూ తీగె కట్టి పుర్రె బొమ్మ బోర్డులు తగిలించి ఒగ్గేశారు.

తర్వాత నేల తన పని తాను చేసుకుపోయింది. పీట్ కుంగుతుంది, చలికాలం గడ్డకట్టి ఉబ్బుతుంది, కాబట్టి వరసలో పాతినవి వరసలో ఉండవు. ఇసుక ఒడ్డున ఇంకా కష్టం, గాలికి దిబ్బలు జరుగుతాయి, జానెడు లోతున పెట్టినది మీటర్ల కింద పడుతుంది. పాతినవాళ్ళ కాగితాల్లో ఒక వరసకు యాభై అని ఉండి, తవ్వితే నలభై ఏడు దొరికాయనుకోండి. ఆ మూడూ లెక్క తప్పు రాశారా, నీళ్ళకు కొట్టుకుపోయాయా, గొర్రె తొక్కి పేలిపోయాయా? ఏదో ఒకటి తేలేదాకా ఆ చుట్టుపక్కల నేలంతా మళ్ళీ మొదటి నుంచి వెతకాలి. పని ఆలస్యమయ్యేది దొరికిన వాటి వల్ల కాదు, దొరకని వాటి వల్ల.

2009లో పని మళ్ళీ మొదలైంది. చేసినవాళ్ళలో ఎక్కువమంది జింబాబ్వే నుంచి వచ్చినవాళ్ళు, సొంత దేశపు సరిహద్దుల్లో పాతరలు తీసి చేయి తిరిగినవాళ్ళు. మోకాళ్ళ మీద కూర్చుని, ముందు డిటెక్టర్ తిప్పి, అనుమానం ఉన్న చోట సన్నటి ఊచను ఏటవాలుగా, మెల్లగా దించుతారు. నిటారుగా పొడిస్తే పాతర నెత్తి మీద తగులుతుంది, ఏటవాలుగా అయితే పక్క గోడకు. గట్టిగా తగిలితే పక్క నుంచి మట్టి తీసి, చూసి, కదపకుండా అక్కడే పేలుస్తారు. స్టాన్లీ పక్కన యార్క్ బే ఇసుకలో మనిషి చేత్తో పని జరగదు, కవచం తొడిగిన ఎక్స్‌కవేటర్లతో దిబ్బలే తవ్వి జల్లెడ పట్టారు. 2020 నవంబరు 14న దీవుల్లో ఇక పాతరలు లేవని ప్రకటించారు. పది వారాల యుద్ధం, 38 ఏళ్ళ తీత. మందుపాతరలు పెంగ్విన్లకు మేలు చేశాయని ఒక ముచ్చట ప్రచారంలో ఉంది. అబద్ధమేమీ కాదు, నాలుగయిదు కిలోల పక్షి బరువుకు అవి పేలవు, మనిషి రాడు కనక అవి పెరిగాయి. కానీ ఆ ఒడ్డు స్టాన్లీ పిల్లలు యుద్ధానికి ముందు ఈదిన ఒడ్డు. ఆ పిల్లలు తాతలయ్యాకే మళ్ళీ అందులో కాలు పెట్టారు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, మన తీరానికి కావలసిన ముక్క అది. యుద్ధానికి ముందు దీవుల ఆదాయం ఉన్ని, తపాలా బిళ్ళలు. భూమిలో సగానికి దగ్గరగా ఒకే కంపెనీది, లాభం లండన్‌కు పోయేది. యుద్ధం తర్వాత పెద్ద కమతాలను విడగొట్టి అక్కడే ఉండే కుటుంబాలకు అమ్మారు. 1986లో చుట్టూ 150 నాటికల్ మైళ్ళ వేట మండలం ప్రకటించి, 1987 ఫిబ్రవరి నుంచి విదేశీ ఓడలకు లైసెన్సులు అమ్మడం మొదలెట్టారు. కొరియా, తైవాన్, స్పెయిన్ ఓడలు స్క్విడ్ అనే మెత్తటి సముద్ర జీవి కోసం వస్తాయి. కొద్దికాలంలోనే ఆ రుసుం ఉన్నిని దాటేసింది. ఇలెక్స్ అనే స్క్విడ్‌ను రాత్రిపూట పెద్ద దీపాల వెలుగుకు రప్పించి, ముళ్ళ గాలాలతో పైకి లాగుతారు. దాని ఆయుష్షు ఏడాదే, ఈ ఏడు గుడ్లు పెట్టేవి మిగలకపోతే వచ్చే ఏడు ఏమీ ఉండదు. అందుకే మంద పలచబడిందనిపిస్తే గడువుకు ముందే వేట ఆపిస్తారు. మనకు ఏప్రిల్ 15 నుంచి 61 రోజులని తేదీ కట్టి ఉంటుంది, వాళ్ళకు ఆ ఏటి మందే తేదీ. చిక్కల్లా ఆ మంద అర్జెంటీనా నీళ్ళలో పెరిగి ఇటు వస్తుంది. రెండు వైపులా కూర్చుని లెక్కలు పంచుకునే సంఘం ఒకటి 1990లో పెట్టారు, 2005లో అర్జెంటీనా మానుకుంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు గీతకు అవతల ఎంత పట్టారో ఇవతల ఊహించుకోవడమే అయింది.

ఆ గీత విలువ ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. 2018 నవంబరులో వెరావల్ బోట్ల మీద పోయి పాకిస్తాన్‌కు చిక్కిన మన జిల్లాల వేటగాళ్ళు 2020 జనవరిలో గానీ వాఘా దాటి ఇల్లు చేరలేదు. నీటి మీద గీత కనబడదు, ఇంజిన్ ఆగిన బోటును ప్రవాహమే అటు మోసుకుపోతుంది.

మళ్ళీ దీవులకు వస్తే, 1983లో పౌరసత్వం తిరిగి ఇచ్చారు. 1985లో మౌంట్ ప్లెజెంట్‌లో పెద్ద రన్‌వే వచ్చింది. 2013 మార్చిలో జనాన్ని ఎట్టకేలకు అడిగారు, బ్రిటన్ కిందే ఉంటారా అని. 1,513 మంది ఉంటామన్నారు, ముగ్గురు వద్దన్నారు. ఆ ఓటును అర్జెంటీనా ఒప్పుకోలేదు, వలస వచ్చి పాతుకుపోయినవాళ్ళను అడిగి లాభమేమిటని దాని వాదం. ఆ వాదంలో చరిత్ర ఉంది, దాన్ని ఒక్క ముక్కలో కొట్టిపారేయలేం. అయితే తరాలుగా అక్కడే పుట్టి అక్కడే పోతున్న కుటుంబాలకు అది జవాబు కాదు. తాళంచెవి సంగతి ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. చిలీ పుంటా అరెనాస్ నుంచి వారానికోసారి తిరిగే విమానం నెలలో రెండుసార్లు, వస్తూ ఒకసారి, పోతూ ఒకసారి, అర్జెంటీనా రియో గల్లేగోస్‌లో దిగాలని 1999లో రాసుకున్నారు.

ఇదంతా రాయడానికి కారణం దూరంగా లేదు. మన పాత విజయనగరం జిల్లా సాలూరు మండలం పైన, ఇప్పుడు పార్వతీపురం మన్యంలో, కొటియా ఊళ్ళు 21 ఉన్నాయి. ఆంధ్రా, ఒడిశా రెండూ మాదంటే మాదంటున్నాయి, 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది, ఇంకా తేలలేదు. అక్కడ తుపాకులు లేవు, ఉండకూడదు కూడా. కానీ రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు, ఒకే కొండకు రెండు వైపుల నుంచి రెండు రోడ్లు ఉన్నాయి. వార్తలేమో ఎప్పుడూ ఒకటే తీరు, ఏ నాయకుడు జెండా పాతాడు, ఏ అధికారిని అడ్డుకున్నారు. ఈసారి కొండెక్కే మీ విలేఖరిని ఊరివారీగా అడిగి రమ్మనండి: ఏ రాష్ట్రం కరెంటుకు బల్బు వెలుగుతోంది, ఏ రాష్ట్రం బియ్యం ఉడుకుతోంది, పిల్లవాడు ఏ బడికి పోతున్నాడు, అర్ధరాత్రి నొప్పులొస్తే ఫోను సాలూరుకా ఒడిశా వైపు పొట్టంగికా, ఏ బండి ముందు వస్తుంది. ఆ 21 ఊళ్ళ జవాబులు ఒక పట్టికగా వేస్తే చాలు, నాయకుల ఫొటో లేకపోయినా ఫర్వాలేదు.

ఇట్లు,
విశ్రాంత నౌకా ఉద్యోగులు కొందరు,
పూసపాటిరేగ మండలం, విజయనగరం జిల్లా